భూపాలపల్లి సున్నా కాదు

2011 జనాభా లెక్కల్లో ఇప్పటి మహబూబాబాద్ జిల్లా పరిధిలోని జనం 7,74,549. ములుగు విడిపోయాక మిగిలిన భూపాలపల్లి జిల్లాలో 4,16,763. జనగామలో ఐదు లక్షల పైచిలుకు. ఈ మూడు అంకెలనూ ఆరో తరగతి పిల్ల ముందు పెట్టి, దగ్గరి పది లక్షలకు సవరించమనండి. బడిలో చెప్పిన సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే మహబూబాబాద్ పది లక్షలవుతుంది. జనగామ కూడా పది లక్షలే, ఉన్నపళంగా రెట్టింపుకు దగ్గరగా పెరిగిపోయింది. భూపాలపల్లి సున్నా! బొగ్గు గనులు, చెల్పూరు కరెంటు ప్లాంటు, నాలుగు లక్షల మంది మనుషులు, అంతా గల్లంతు. పిల్లకు మాత్రం పదికి పది మార్కులు.

సూత్రంలో తప్పేం లేదు. ఈ జిల్లాలను పది లక్షలతో కొలవమనడమే తప్పు. ‘పది లక్షలకే ఎందుకు సార్?’ అని అడగొచ్చన్న సంగతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నా గొడవంతా ఇదే. లెక్కల పాఠాల్లో మనిషి తీర్పు అవసరమయ్యే పాఠం ఏదైనా ఉందంటే అది రౌండింగే. దాన్నే మనం ఆలోచన అక్కర్లేని పాఠంగా మార్చేశాం. ఐదూ ఆపైన అయితే పైకి, నాలుగూ ఆలోపైతే కిందికి. అయిపోయింది, తర్వాతి లెక్క.

ఈ బట్టీ ఎక్కడ దొరికిపోతుందో టీచర్లకు తెలుసు. 347ను దగ్గరి వందకు సవరించమంటే కొందరు పిల్లలు ముందు 350 చేస్తారు, ఆ 350ని 400 చేస్తారు. రెండు మెట్లూ సూత్రం ప్రకారమే ఎక్కారు, జవాబు మాత్రం తప్పు. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఒక కొసన 300, ఇంకో కొసన 400 రాసి, పిల్లను 347 దగ్గర నిలబెడితే తెలుస్తుంది: ఇటు 47 అడుగులు, అటు 53. ఏది దగ్గర? దీనికి సూత్రం ఎందుకు, కళ్లు చాలు. ఇంకో వింత, 38, 54 కలిపితే సుమారు ఎంత అని అడిగితే, పిల్లలు కచ్చితంగా 92 తేల్చుకుని తర్వాత 90 అని రాస్తారు. అంచనా అంటే కచ్చితమైన జవాబుకు వేసే ముసుగు అని మనమే నేర్పాం మరి.

అసలు ‘సవరించడం’ అన్న మాటే చూడండి. తప్పును కదా సవరించేది? 4,16,763లో తప్పేముంది? రౌండ్ చేయడమంటే దిద్దడం కాదు, కొంత వదులుకోవడం. ఎంత వదిలామో, ఎటు వదిలామో చెప్పే మాటలు మన ఇళ్లల్లోనే ఉన్నాయి. ‘వంద పైచిలుకు’ అంటే పైన మిగిలింది వదిలేశామని. ‘వందకు దగ్గరదగ్గర’ అంటే ఇంకా అందలేదని. ‘పావు తక్కువ మూడు కిలోలు’ అనే అవ్వ దగ్గరి పూర్ణాంకాన్నీ చెప్తుంది, ఎంత తక్కువో కూడా అదే ఊపిరిలో చెప్తుంది. ఉరమర, రమారమి, ఇంచుమించు... ఇంత సరంజామా ఉన్న భాషలో పుట్టిన పిల్లకు మనం రెండు బాణం గుర్తులిచ్చి పంపిస్తున్నాం, పైకొకటి, కిందికొకటి.

ఆ బాణాలు కూడా వేదవాక్కులేం కాదు. 25కు 20 ఎంత దూరమో 30 కూడా అంతే దూరం. పైకే పోవాలన్నది మనం పెట్టుకున్న కట్టుబాటు. మన దేశపు ప్రమాణమే, 1960 నాటి ఐఎస్ 2, సరిగ్గా మధ్యలో పడితే సరి అంకె వైపు పొమ్మంది. ప్రతి ఐదునూ పైకి నెడితే మొత్తాలు ఉబ్బిపోతాయి కాబట్టి. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ఫిజిక్స్‌లోనూ ఇదే పద్ధతి. మరి ఆరులో చెప్పింది పదకొండులో ఎందుకు మారిందని అడిగితే? ‘అది లెక్కలు, ఇది ఫిజిక్స్’ అంటారు.

పాఠానికి సరుకు లేదా? బోలెడుంది. 2022 మార్చిలో ఆర్టీసీ చిల్లర తంటా తప్పించడానికి పల్లెవెలుగు టికెట్లను ఐదుకు సర్దింది. 12 రూపాయలది 10 అయింది, 13, 14 రూపాయలవి 15 అయ్యాయి. ఎవరికి లాభం, ఎవరికి నష్టం, రోజంతా కలిపితే ఎంత? ఇంతకంటే మంచి అభ్యాసం ఏ పుస్తకంలో ఉంది?

అక్కడ బాణం రెండు వైపులా తిరిగింది. ఎప్పుడూ ఒకే వైపు తిరిగే రౌండింగ్ కూడా ఉంది, రైతు బిడ్డలకు అది బాగా తెలుసు. దాని పేరు తరుగు, కొన్నిచోట్ల కడ్తా. తేమ అని, పొల్లు అని, బస్తా బరువు అని కాంటా దగ్గర కోత. బస్తాకు కిలోనే అనుకుందాం, వంద బస్తాలకు ఒక క్వింటాల్ పోయింది. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర 2,300 రూపాయలు, అంటే ఆ మేరకు చేతికి రాలేదు. ‘కిలోనే కదా, వదిలెయ్’ అనడానికి మనిషికి ఎంత చదువు కావాలి? ‘ప్రతిసారీ మా వైపే ఎందుకు తగ్గుతుంది?’ అని అడగడానికి ఎంత కావాలి? వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982లో సూచీని 1000తో మొదలుపెట్టి, ప్రతి లెక్కలో మూడో దశాంశం తర్వాతది కోసేస్తూ పోయింది. రెండేళ్లు నిండకుండానే సూచీ 520 చిల్లరకు దిగజారింది. సరిచేసి చూస్తే ఉండాల్సింది 1098 చిల్లర. మార్కెట్ పడలేదు, కోత అంతా ఒకే వైపు జరిగింది. అంతే.

రౌండ్ చేయకూడని చోటు కూడా ఉంటుందని చెప్పాలి కదా. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 జనాభా ప్రమాణంగా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. మహబూబాబాద్ వైపు ఇది ఇంటింటి ముచ్చట. ఒక తండాలో 476 మంది ఉన్నారనుకుందాం. దగ్గరి వందకు 500 అని పుస్తకం అంటుంది. ఆఫీసులో ఆ మాట చెల్లదు. హద్దు వేరు, అంచనా వేరు. ఈ తేడా తెలియని పిల్ల రేపు ఏ దరఖాస్తు దగ్గరైనా తెల్లమొహం వేయాల్సిందే.

‘ముందు కూడికలు రానీయండి, ఈ ఫిలాసఫీలు తర్వాత’ అంటారు. ఒక్క టీచరే అన్ని తరగతులూ లాగుతున్న బడిలో ఈ మాటకు బరువుంది, కాదనను. కానీ నేను అడిగేది కొత్త పాఠం కాదు, ఉన్న పాఠానికే మూడు ప్రశ్నలు: ఎవరి కోసం రౌండ్ చేస్తున్నాం? ఎంత పోయింది? ఎటు పోయింది? ఖర్చు ఒక సుద్దముక్క. పైగా కూడిక తప్పిందని పిల్లకు అనుమానం రావాలంటే ముందు అంచనా ఉండాలి. అంచనా తెలిసిన పిల్లే 38, 54 కలిపి 812 అని రాసి ఆగి చూసుకుంటుంది.

ఇక మనం, సాహిత్యం చదివేవాళ్లం. ‘నాకు లెక్కలు రావండీ’ అని నవ్వుతూ, కాస్త గర్వంగా చెప్పుకునే జాతి మనది. హెడ్‌లైన్‌లో ‘లక్షల మంది’ అని చూస్తే ఎన్ని లక్షలు, ఎవరు లెక్కపెట్టారు అని అడగం. ఒక కథలో విశేషణం ఎక్కువైతే పది పేరాల విమర్శ రాస్తాం, ఒక అంకెలో జిల్లా మాయమైతే గమనించం. అంకె కూడా వాక్యమే. దాన్ని కుదించినప్పుడు ఏదో ఒకటి కొట్టేస్తాం. ఏం కొట్టేశారో అడగడం నేర్పని బడి మీద, ఆ పిల్లల తరఫున కాస్త గట్టిగా కోప్పడాల్సిన వాళ్లం మనమే.