మైకు పట్టేముందు ఎదుట ఎవరున్నారో చూడాలి

ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక. హైదరాబాద్ మెట్రోలో వరుసగా వచ్చే ఈ మూడు స్టేషన్ల చుట్టుపక్కలే భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంత చదువు ఇంత దగ్గర దగ్గరగా పోగైన చోట్లు దేశంలోనే తక్కువ. విజ్ఞాన దినోత్సవం లాంటి సందర్భాల్లో ఈ సంస్థల గేట్లు బడిపిల్లలకు తెరుచుకుంటాయి. మిగతా రోజుల్లో ఇక్కడి శాస్త్రవేత్తలను కళాశాలలు, కాలనీ సంఘాలు, మహిళా సంఘాలు మాట్లాడమని పిలుస్తాయి. వాళ్లకు విషయం తెలియక కాదు గానీ, దాన్ని ఎవరికి చెబుతున్నామో ముందుగా కనుక్కునే అలవాటు మన చదువుల్లో ఎక్కడా నేర్పరు. అందుకే సదస్సులో తోటి పరిశోధకులకు చూపిన స్లైడ్లనే తొమ్మిదో తరగతి పిల్లలకూ చూపిస్తుంటారు. శ్రోతల గురించి తెలుసుకోవడం ఉపన్యాసానికి మెరుగులు దిద్దే పని అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఏం చెప్పాలన్నది తేలేదే అక్కడ.

ఉప్పు సంగతే తీసుకుందాం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటొద్దంటున్నాయి. వైద్యుల సభలో ఆ అంకె చెబితే చాలు. పొదుపు సంఘం మహిళల ముందు అదే అంకె గాలిలో కలిసిపోతుంది. వంటింట్లో ఉప్పును ఎవరూ గ్రాముల్లో తూచరు, చేత్తో వేస్తారు. కిలో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుందో మాత్రం వంట చేసే ప్రతి మనిషికీ తెలుసు. నలుగురున్న ఇంట్లో తలా 5 గ్రాములంటే రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ఉప్పు 50 రోజులు రావాలి. నెలకే నిండుకుంటోందంటే తలా 8 గ్రాములు దాటుతున్నట్టే. ఆవకాయలో కలిపిన ఉప్పు, బయట కొన్న అప్పడాల్లో, మిక్చర్‌లో ఉన్న ఉప్పు దీనికి అదనం. ఈ లెక్కలో శాస్త్రం ఇసుమంతైనా పలచబడలేదు. కానీ ఇది చెప్పాలంటే వంట చేసేదెవరో, సరుకులు ఎలా కొంటారో మాట్లాడేవాళ్లకు తెలిసుండాలి. ఆ మహిళల్లో ఉపాధి హామీ పనులకు వెళ్లేవాళ్లుంటే మొదట వచ్చే ప్రశ్న వేరు: ఎండలో చెమటోడ్చేవాళ్లం ఉప్పు తగ్గిస్తే నీరసం రాదా? దానికి జవాబు లేకుండా వెళితే మిగతా ఉపన్యాసమంతా ఎవరి చెవికీ ఎక్కదు.

భూకంపం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన 5.7 తర్వాత ఆ ప్రాంతంలో గట్టిగా వచ్చినది ఇదే. దీని గురించి ఒకే శాస్త్రవేత్త మూడు చోట్ల మాట్లాడాల్సి వస్తే, ములుగు పల్లెల్లో అడిగేది మళ్లీ వస్తుందా, బీటలిచ్చిన గోడ పక్కన రాత్రి పడుకోవచ్చా అని. హబ్సిగూడ అపార్ట్‌మెంట్ సంఘానికి కావలసింది వేరు. పార్కింగ్ కోసం కింద గోడల్లేకుండా స్తంభాల మీద లేపిన భవనం ఊగితే ఏమవుతుందో, ఎవరితో పరీక్ష చేయించాలో వాళ్లకు చెప్పాలి. బడిపిల్లలకైతే తీవ్రత ఒక్క అంకె పెరిగితే వెలువడే శక్తి దాదాపు 32 రెట్లవుతుందన్నదే పెద్ద వింత, అక్కడ లెక్క చేయించాలి. మూడు చోట్లా ఒకే పాఠం అప్పజెబితే ఇద్దరికి అక్కర్లేనిది, ఒకరికి అర్థం కానిది మిగులుతుంది.

శ్రోతలకు తగ్గట్టు మాట్లాడటమంటే వాళ్లకు నచ్చింది చెప్పడమే కదా, రాజకీయ సభల్లో జరిగేది అదే కదా అని ఒక అభ్యంతరం ఉంది. తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. ములుగు జనం వినాలనుకునేది ఇక భూకంపం రాదన్న మాట. ఏ రోజు ఏ గంటకు వస్తుందో ప్రపంచంలో ఎవరూ చెప్పలేరు కనుక, రాదనీ ఎవరూ చెప్పలేరు. నిజాయతీగా మాట్లాడే మనిషి వాళ్ల ప్రశ్నను అందుకుంటాడు గానీ వాళ్లు కోరిన జవాబును కాదు. ఈ తేడా బుర్రకథకు ఏనాడో తెలుసు. కథకుడు అసలు కథ వదలడు. పక్కనున్న వంతల్లో ఒకరు హాస్యం పండిస్తారు, ఇంకొకరు ఆనాటి రాజకీయాన్ని, ఆ ఊరి సంగతిని అందులోకి తెస్తారు. ఊరు మారితే వంతల మాటలు మారతాయి, అల్లూరి సీతారామరాజు కథ మారదు. చదువు రాని జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన కళ ఇది. మన విజ్ఞాన ప్రచారం దీన్నుంచి నేర్చుకున్నది బహు తక్కువ.

తెలుగులో చెబితే సరిపోతుందిగా అనేవాళ్లూ ఉన్నారు. సరిపోదు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో చెప్పింది. అందుకోసం అనువాద విభాగం పెట్టి పుస్తకాలు తయారుచేయించింది. పరాయి భాషలో కాకుండా తెలిసిన భాషలో చదువు చెప్పాలన్నది గొప్ప ఆలోచన. అయితే నైజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. ఒక వర్గానికి దారి తెరిచిన నిర్ణయమే ఇంకొకరికి మరో పరాయి భాషను ఎదుట నిలిపింది. ఇవాళ తార్నాకలో ఒక హాలు నిండా పిల్లలుంటే కొందరు ఇంట్లో తెలుగు, కొందరు ఉర్దూ, కొందరు హిందీ మాట్లాడతారు, చాలామంది పాఠాలు ఇంగ్లిషులో చదువుతారు. కిరణజన్య సంయోగక్రియ అన్నా, ఫొటోసింథసిస్ అన్నా వాళ్లలో సగం మందికి అందదు. రెండూ ఒకసారి చెప్పి, ఆకును చూపించి ముందుకెళ్లాలి. ఏ బడి, ఏ మాధ్యమం అన్నది ఊహించుకునే సంగతి కాదు, అడిగి తెలుసుకోవలసింది.

పరిశోధన చేసుకునేవాళ్లకు ఇదంతా చేసే తీరికెక్కడిదన్న మాట కూడా వినిపిస్తుంది. మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత పరిశోధనలు చేస్తూనే 1827 నుంచి 1860 దాకా లండన్‌లో పిల్లల కోసం 19 సార్లు క్రిస్మస్ ఉపన్యాస పరంపరలు ఇచ్చాడు. వాటిలో అందరికీ గుర్తున్నది కొవ్వొత్తి మీద చెప్పినది, ఆ పిల్లల ఇళ్లలో రోజూ వెలిగేది అదే కనుక. మన దగ్గర అంత శ్రమ కూడా అడగడం లేదు. బడికి వారం ముందు ఒక ఫోన్ చేసి ఏ తరగతి, ఎంతమంది, ఇప్పటిదాకా ఏ పాఠాలయ్యాయో టీచరును అడగాలి. పిల్లలు చీటీల మీద రాసిన ప్రశ్నలు ముందే తెప్పించుకోవాలి. గంట ఉపన్యాసంలో చివరి ఇరవై నిమిషాలు వాళ్లకే వదలాలి. ఉస్మానియాలో పీహెచ్‌డీ సమర్పించే ప్రతి విద్యార్థీ ఆ శాఖకు సంబంధం లేని పదిమంది ముందు, అధ్యాపకులు కాని ఉద్యోగుల ముందైనా సరే, తన పరిశోధన పదిహేను నిమిషాలు చెప్పి వాళ్ల ప్రశ్నలకు జవాబివ్వాలన్న నిబంధన పెట్టాలి. దీనికి కొత్త భవనం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం ఒకటి రెండు శాఖల్లోనైనా మొదలుపెట్టవచ్చు.