కొన్నారు సరే... ఎందుకు?

పాలబాకీ, పిల్లల ఫీజు, ఇంటి లోను వాయిదా... అన్నీ జీతం రోజు మీదే ఆధారపడి ఉంటాయి. ఆ రోజు సగం జీతమే వస్తే? అసలు రాకపోతే? సర్కారు కొలువులో ఆ భయం లేదంటారా? కెనడా ఉద్యోగులూ అలాగే అనుకున్నారు!

అక్కడి కేంద్ర ప్రభుత్వం 40 ఏళ్లనాటి జీతాల వ్యవస్థను పక్కనపెట్టి 2016లో 'ఫీనిక్స్' అనే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 101 విభాగాలు, దాదాపు 2 లక్షల 90 వేల మంది ఉద్యోగులు. ఏటా 7 కోట్ల డాలర్లు ఆదా చేయాలన్నది లక్ష్యం. అందుకే 46 విభాగాల్లో జీతాల లెక్కలు చూసే సుమారు 1200 పోస్టులు తీసేశారు. ఆ పనంతా మిరమిషి అనే పట్టణంలో 550 మందితో ఒకే కేంద్రానికి అప్పగించారు.

సాఫ్ట్‌వేర్ తయారీకి 27.4 కోట్ల డాలర్లు అవుతుందని కంపెనీ చెప్పింది. మంజూరైంది మాత్రం 15.5 కోట్లే. దాంతో 984 పనుల్లో వందకు పైగా కత్తిరించారు. పాత బకాయిలు లెక్కగట్టే పని కూడా అందులో పోయింది! ఒక విభాగంలో ముందుగా ప్రయోగించి చూడాలన్న ఆలోచననూ రద్దు చేశారు. చెప్పిన గడువు, ఇచ్చిన బడ్జెట్... పెద్దల దృష్టంతా వాటిపైనే.

ఇంకేముంది? కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ, కొందరికి సున్నా. 2017 జూన్ చివరికి సుమారు లక్షా 50 వేల మంది తమ లెక్క సరిచేయమని అర్జీలు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆదా మాట దేవుడెరుగు, వందల కోట్ల డాలర్ల అదనపు భారం పడింది. ఇదెలా జరిగిందో అర్థం కావడం లేదని, నిర్వహణలో ఘోర వైఫల్యమని ఆడిటర్ జనరల్ 2018లో తేల్చారు.

ఫీనిక్స్‌కు లక్ష్యం లేదనలేం. ఉంది. కానీ అది డబ్బు మిగిల్చే లక్ష్యం. పని చేసినవాడికి సరైన జీతం సమయానికి ఇవ్వడమన్న అసలు లక్ష్యం వెనక్కి వెళ్లిపోయింది.

పెద్ద ప్రభుత్వాల సంగతి మనకెందుకు అనుకోకండి. మూడు నెలలకే పనివాళ్లు మానేస్తున్నారని బాధపడే దుకాణం యజమాని వేలిముద్రల హాజరు యంత్రం కొంటాడు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమో అది చక్కగా చెబుతుంది. ఎందుకు మానేస్తున్నారో మాత్రం చెప్పదు. రోగం ఒకటి, మందు ఇంకొకటి!

అందుకే ఉద్యోగుల కోసం ఏ సాఫ్ట్‌వేర్ కొనేముందైనా మూడు ప్రశ్నలు వేసుకోండి.

* మన సంస్థకున్న ఏ ఇబ్బంది దీనితో తీరుతుంది? ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఆగండి.

* తీరిందని ఎలా తెలుస్తుంది? 'సమయానికి బిగించాం' అన్నది జవాబు కాదు. 'జీతాల్లో తప్పులు తగ్గాయి' అన్నది జవాబు.

* ఇప్పుడు ఆ పని చేస్తున్నవారిని అడిగారా? చిక్కులన్నీ వారికే తెలుసు. కొత్తది కుదురుకునే దాకా వారినీ, పాత పద్ధతినీ వదులుకోవద్దు.

మీరు ఉద్యోగులైతే మరో మాట. ఆఫీసులో కొత్త వ్యవస్థ వచ్చిన తొలి నెలల్లో జీతం పడిందన్న మెసేజ్ చూసి ఊరుకోకండి. పేస్లిప్పులో పీఎఫ్, సెలవులు, ఓవర్‌టైం వరసగా సరిచూసుకోండి. తేడా ఉంటే ఆ వారమే రాతపూర్వకంగా అడగండి. యంత్రానికి మీ ఇంటి వాయిదా తేదీ తెలియదు కదా!