అర్జీదారులం కాము, హక్కుదారులం

గత ఆగస్టు పదిహేను నాటి సాయంత్రం ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు బడి నుండి వచ్చి ఒక ప్రశ్న వేసింది. "దాదా, మా బడి గోడ మీద స్వాతంత్ర్య సమరయోధుల పటాలు పెట్టారు. మనవాళ్ళలో మౌలానా ఆజాద్ గారొక్కరే ఉన్నారు. మిగిలిన మీవాళ్ళేం చేశారని నా పక్కన కూర్చునే అమ్మాయి అడిగింది. ఏం చెప్పను?"

ఆ అమ్మాయిని మేము తప్పుపట్టడం లేదు. గోడ మీద ఉన్నదానిని చూసే ఆమె అడిగింది. ఇట్టి సందర్భాలలో మనమందరం అలవాటుగా ఒక జాబితా తీస్తాము. టిప్పు సుల్తాన్‌తో మొదలుపెట్టి అష్ఫాఖుల్లా ఖాన్ మీదుగా గుక్క తిప్పుకోకుండా చదివేస్తాము. ఆ సాయంత్రం మేము జాబితా చదవలేదు. కాబూల్‌లో ఏర్పడిన ఒక ప్రభుత్వం గురించి చెప్పాము. ఆ కథ ఆమె పుస్తకంలో ఒక్క వాక్యమైనా లేదు. నిజం చెప్పాలంటే మన ఇళ్ళలోనూ లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం రెండో ఏడు నడుస్తున్నది. 1915 డిసెంబరు 1న కాబూల్‌లో కొందరు భారతీయులు సమావేశమై, భారతదేశానికి తాత్కాలిక స్వతంత్ర ప్రభుత్వాన్ని ప్రకటించారు. అధ్యక్షుడు రాజా మహేంద్ర ప్రతాప్, ఉత్తర భారతంలోని ముర్సాన్ రాజకుటుంబీకుడు, అలీగఢ్ మహమ్మదీయ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చదివిన హిందువు. ప్రధానమంత్రి భోపాల్‌కు చెందిన మౌలానా బర్కతుల్లా, టోక్యోలో ఉర్దూ బోధించినవారు, గదర్ ఉద్యమ నాయకులలో ఒకరు. హోం మంత్రి మౌలానా ఉబైదుల్లా సింధీ, సియాల్‌కోట్ ప్రాంతపు సిక్కు కుటుంబంలో పుట్టి, ఇస్లాం స్వీకరించి, దేవ్‌బంద్‌లో షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ గారి శిష్యరికం చేసినవారు. విదేశాంగ శాఖను తిరువనంతపురానికి చెందిన చంపకరామన్ పిళ్ళైకి అప్పగించారు. నేతాజీ సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించినది 1943 అక్టోబరు 21న. దానికి ఇరవై ఎనిమిదేళ్ళ ముందటి మాట ఇది.

ఆ ప్రభుత్వం కాగితం మీద పేర్లు రాసుకొని ఊరుకోలేదు. రష్యా చక్రవర్తికి బంగారు రేకు మీద లేఖ చెక్కించి పంపింది. ఆ దౌత్యానికి డాక్టర్ మథురా సింగ్ అనే సిక్కు, ఆయనతో ఖుషీ మహమ్మద్ అనే ముస్లిం యువకుడు కలిసి వెళ్ళారు. మరొక దౌత్యయాత్రలో మథురా సింగ్ రష్యన్లకు చిక్కారు. వారు ఆయనను ఆంగ్లేయులకు అప్పగించగా, 1917లో లాహోర్‌లో ఉరితీశారు. 1916లో ఉబైదుల్లా సింధీ పసుపు పచ్చని పట్టు వస్త్రం మీద రాసి హిజాజ్‌లో ఉన్న తన గురువుకు పంపిన లేఖలు దారిలోనే ప్రభుత్వం చేతికి చిక్కాయి. మన పెద్దలు రేష్మీ రుమాల్ తహ్రీక్ అని చెప్పుకొనేది దీనినే. షేఖుల్ హింద్‌ను మక్కాలో నిర్బంధించి ఆంగ్లేయులకు అప్పగించారు. మాల్టా ద్వీపంలో ఖైదుగా ఉండి, 1920లో విడుదలై, అదే సంవత్సరం అక్టోబరులో జామియా మిల్లియాకు శంకుస్థాపన చేసి, నవంబరులో కన్నుమూశారు. బర్కతుల్లా 1927లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. స్వదేశపు మట్టి ఆయనకు దక్కలేదు.

ఇంతటి ఉదంతం ఎట్లా మరుగునపడింది? మేము జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని చేసినవారము గనుక మాకు తెలిసిన ఒక సంగతి చెబుతాము. ఫైలు అట్ట మీద ఏ శీర్షిక రాస్తే ఆ బీరువాలోకే అది చేరుతుంది. లోపలి కాగితాలు ఏమి చెప్పినా సరే, ఆ తరువాత ముప్పై ఏళ్ళకైనా దానిని మరొక బీరువాలో ఎవరూ వెతకరు.

కాబూల్ ప్రభుత్వపు ఫైలు మీద శీర్షిక రాసినది ఆంగ్లేయులు. 1918లో జస్టిస్ రౌలత్ అధ్యక్షతన వెలువడిన రాజద్రోహ విచారణ సంఘం నివేదికలో ఈ వ్యవహారాన్ని మహమ్మదీయ ధోరణి అనే శీర్షిక కింద చేర్చారు. అధ్యక్షుడు హిందువు, దూత సిక్కు. అయినా అట్ట మీద పడినది ఒక మతం పేరు. ఆ నివేదిక ఆధారంగా వచ్చిన రౌలత్ చట్టాన్ని దేశమంతా ధిక్కరించింది. జలియన్‌వాలాబాగ్‌లో రక్తం చిందించింది. చట్టాన్ని తిరస్కరించాము గాని, ఆ వర్గీకరణను మాత్రం నేటికీ నెత్తిన మోస్తున్నాము. ఆ శీర్షిక వల్లనే అది "వారి" చరిత్ర అయింది, "మన" చరిత్ర కాకుండా పోయింది.

నేడు జరుగుతున్నది చూడండి. రాజా మహేంద్ర ప్రతాప్ పేరిట అలీగఢ్‌లో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి 2021లో శంకుస్థాపన జరిగింది. మాకు సంతోషమే, ఆయన అందుకు అన్నివిధాల అర్హుడు. కాని ఆయన పేరును ఆయన చదువుకున్న విద్యాసంస్థ మీదికే కర్రగా ఎత్తేవారిని ఒక్క ప్రశ్న అడుగుతున్నాము. ఆ అధ్యక్షుని ప్రధానమంత్రి ఎవరు? హోం మంత్రి ఎవరు? అధ్యక్షుని ఉంచుకొని మంత్రివర్గాన్ని పారవేయడం ఏ చరిత్ర నీతి?

కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. ఉబైదుల్లా సింధీ లేఖలలో ఇస్లామీయ సైన్యపు పథకం కూడా ఉన్నది కదా, కాబూల్ చేరిన బృందం జర్మనీ, టర్కీల మద్దతుతో వచ్చినది కదా అని. ఉన్నది, వచ్చినది. దాచవలసిన పని లేదు. ఆంగ్లేయునితో పోరాడేవాడు ఆంగ్లేయుని శత్రువును ఆశ్రయించడం నేరమైతే, నేతాజీ బెర్లిన్ ప్రయాణాన్ని ఏమనాలి? ఆ జర్మనీ నుండి జలాంతర్గామిలో నేతాజీ వెంట బయలుదేరిన ఏకైక భారతీయుడు మన హైదరాబాదు ఆబిద్ హసన్ సఫ్రానీ. జైహింద్ అనే పలకరింపును రూపొందించినదీ ఆయనే. ఇక మతసైన్యం మాటకు వస్తే, ఆ మౌలానాలు ప్రభుత్వం ఏర్పరచినప్పుడు అధ్యక్ష పీఠం మీద ఎవరిని కూర్చోబెట్టారో అదే మా జవాబు. కాబూల్ ఒక ముస్లిం అమీరు రాజధాని. అక్కడ సహాయం కోరవలసినది కూడా ఆయననే. అయినా హిందూ అధ్యక్షుని కింద మంత్రులుగా ఉండడానికి వారు వెనుకాడలేదు.

ఆ ప్రభుత్వం విఫలమైంది కదా అంటారు మరికొందరు. అవును. అమీర్ హబీబుల్లా మాటలతో కాలం గడిపాడేగాని ఆంగ్లేయుల మీద యుద్ధానికి దిగలేదు. జర్మనీ ఓడిపోయింది. సైన్యం లేని ప్రభుత్వం నిలబడలేదు. కాని గెలిచినవారినే తలచుకోవలసి ఉంటే 1857ను తలచుకొనే హక్కు ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మనవారికి కూడా ఒక మాట చెప్పాలి. ఇది కొందరికి చేదుగా ఉండవచ్చు. అమరుల జాబితాను మనం రసీదు పుస్తకంలా మోసుకు తిరుగుతున్నాము. ఎవరు గద్దించినా రసీదు చింపి ఇస్తాము. "మా వారూ ప్రాణాలిచ్చారు బాబూ, మమ్మల్ని ఉండనివ్వండి" అన్నట్లు నిలబడుతున్నాము. ఆదాయ ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం, జనన ధ్రువపత్రం వంటివి మా చేతుల మీదుగా వేలు నడిచాయి. దేశభక్తి ధ్రువపత్రం అనే నమూనాను ఏ కార్యాలయంలోనూ మేము చూడలేదు. రాజ్యాంగం అట్టిది అడగలేదు. తాత ఉరికంబం ఎక్కినా ఎక్కకపోయినా, పేట చివర పంక్చర్లు వేసుకొనే సోదరుని కుమారునికి ఇల్లు, చదువు, ఉద్యోగం, ఓటు విషయంలో ఉన్న హక్కు సమానమే. పూర్వికుల త్యాగాన్ని హక్కుకు వెలగా చూపిన నాడు, అట్టి త్యాగం చూపలేని పేదవాని హక్కును మన చేతులతోనే తగ్గించినవారమవుతాము.

మరి కాబూల్ కథ ఎందుకు? వారు అర్జీ రాయలేదు గనుక. ఆనాడు సామ్రాజ్యానికి వినతిపత్రాలు సమర్పించి, ఉద్యోగాలలో నాలుగు, శాసనసభలో రెండు అడిగే పెద్దమనుషులు అన్ని మతాలలోనూ ఉన్నారు. కాబూల్‌లో కూడినవారు ఎవరినీ ఏమీ అడగలేదు. ఈ దేశాన్ని పాలించవలసినవారము మేమే, మేమందరమూ కలిసి అని ప్రకటించారు. శాఖలు పంచుకున్నారు, సంతకాలు పెట్టారు, దూతలను పంపారు. దేశం మీద యాజమాన్యాన్ని ఉమ్మడిగా రాసుకున్న తొలి కాగితాలలో అదొకటి. మేము ఎన్నో అర్జీలు అందుకున్నాము. అర్జీదారుడు గుమ్మం బయట నిలబడతాడు, హక్కుదారుడు లోపలికి వచ్చి లెక్క అడుగుతాడు. ఆ తేడా మన పిల్లలకు తెలియాలి.

రేష్మీ రుమాల్ ఉద్యమం మీద తపాలా శాఖ 2013లో బిళ్ళ విడుదల చేసింది. బిళ్ళ మీద చోటు దొరికినదానికి పాఠంలో చోటెందుకు లేదని రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తక సంఘాలను అడగవలసిన బాధ్యత మనది. అడిగేటప్పుడు ముస్లింల వాటాగా అడగవద్దు. మహేంద్ర ప్రతాప్, బర్కతుల్లా, ఉబైదుల్లా, మథురా సింగ్ నలుగురినీ ఒకే పేజీలో అడగాలి. ఒక్కరిని తీసివేసినా ఆ పేజీ అబద్ధమవుతుంది. రాబోయే డిసెంబరు 1న ప్రతి ఇంటిలో, ప్రతి మస్జిద్ గ్రంథాలయంలో పిల్లలను కూర్చోబెట్టి ఈ కథ చెప్పండి. పొరుగింటి పిల్లలనూ పిలవండి. అది వారి కథ కూడా.

మా మనుమరాలు మరునాడు తన స్నేహితురాలికి ఏమి చెప్పిందని అడిగాము. "మీవాళ్ళూ మావాళ్ళూ కలిసి ఒకసారి ప్రభుత్వం పెట్టారని చెప్పాను దాదా" అన్నది. మేము చెప్పదలచినదీ అంతే.