మందు డబ్బా ఎవరి ఇంట్లోకి వస్తోంది?

ఇంట్లో ఆరోగ్య ప్రమాదాల గురించి పంచే కరపత్రాల్లో ఒక సలహా తరచూ కనిపిస్తుంది: పురుగుమందులను వేరే గదిలో తాళం వేసి ఉంచండి. వాడలో ఆ వేరే గది ఏది? వంట, పడక, బియ్యం బస్తా అన్నీ ఒక్క గదిలోనే ఉండే ఇంటిని చూసి రాసిన సలహా కాదిది. భూమి ఉన్న ఆసామికి పొలం దగ్గర కొట్టం ఉంటుంది. మందు కొట్టిన కూలీకి సాయంత్రం దక్కేది కూలి డబ్బు, ఒక్కోసారి ఖాళీ డబ్బా.

గట్టి ప్లాస్టిక్, బిగుతు మూత. పారేయబుద్ధి కాదు. నూనెకో, నీళ్లకో పనికొస్తుందని ఉంచుకుంటారు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ నూనెను పురుగుమందు డబ్బాలో పోసి ఉంచారని అధికారులు అప్పట్లో చెప్పారు. ఎంత కడిగినా ఆ డబ్బా తిండికి పనికిరాదు.

డబ్బా లేకున్నా విషం ఇంటికి వస్తుంది. మందు కొట్టిన చొక్కాతోనే, మందు చల్లిన చేలో తిరిగిన చీరతోనే బిడ్డను ఎత్తుకుంటాం. ఆ బట్టలు విడిగా ఉతకమంటారు. కుళాయి రెండు రోజులకోసారి వచ్చే చోట ఆ మాట చెప్పడం తేలికే.

లేబుల్ మీద ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదని కాదు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు నరాల మీద పనిచేస్తాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. చొంగ, చెమట, వాంతులు, కండరాల అదురు మొదలవుతాయి. దీన్ని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెడితే విలువైన సమయం పోతుంది. చేతులకు కవరైనా తొడుక్కుని బట్టలు విప్పేయాలి, సబ్బుతో ఒళ్లు కడగాలి, డబ్బా లేబుల్‌తో సహా ఆసుపత్రికి చేర్చాలి. బలవంతంగా కక్కించకూడదు.

ఖాళీ డబ్బాలను పగలగొట్టి నివాసాలకు దూరంగా పూడ్చాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతాయి. ఊరికి దూరం అంటే చాలాచోట్ల మన వాడే కదా! మందు చల్లేవారికి రక్షణ దుస్తులు ఉండాలని కూడా అవే నిబంధనలు అంటాయి. రోజు కూలీకి వాటిని ఎవరు కొనివ్వాలని పొలం గట్టు మీద అడిగేవారు లేరు.

మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని కేంద్రం నిషేధించింది 2023లో, అంటే సారణ్ పిల్లలు పోయిన పదేళ్లకు. ఆదిలాబాద్ పక్కనే ఉన్న యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. తెలంగాణ 2018లో తెచ్చిన 5 లక్షల రైతు బీమా పట్టాదారుకే. అదే చేలో మందు కొట్టి చనిపోయిన భూమిలేని కూలీ కుటుంబానికి అందులో పైసా రాదు.

వాడల్లో పనిచేస్తున్న విద్యార్థి సంఘాలు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు విషయాలు అడగాలని మేము కోరుతున్నాం. విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇవాళ అక్కడ ఎన్ని ఉన్నాయి? పురుగుమందు కేసు వస్తే, తాగారా లేక కూలికి వెళ్లి కొట్టారా అన్నది రిజిస్టర్‌లో రాస్తున్నారా? ఆ రెండో మాట కాగితం మీదికి ఎక్కనంతకాలం పరిహారం అడగడానికి కుటుంబం చేతిలో ఏ ఆధారమూ ఉండదు.