సైకిలుకు దారేదీ?

చేబ్రోలు మీదుగా గుంటూరు నుంచి పొన్నూరు, బాపట్లలకు పోయే రోడ్డు పక్కన బడివేళకు కాసేపు నిలబడి చూడండి. లారీ, బస్సు, ఆటో, మోటారుసైకిలు – ఎవరి జోరు వారిది. వీటన్నిటి అంచున, తారుకూ మట్టికీ నడుమ, వీపున పుస్తకాల సంచీతో సైకిలు తొక్కే ఆడపిల్ల కనబడుతుంది. వెనక హారను మోగితే మట్టిలోకి దిగాలి. మట్టిలో చక్రం జారిందా, మళ్ళీ తారు మీదనే పడాలి. 2017లో ప్రభుత్వంవారు ‘బడికొస్తా’ పేరుతో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంచారు. మంచిపనే. సైకిలైతే ఇచ్చారు గాని, దానికి దారి ఏదీ?

రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుందంటారు కొందరు. నాకు నమ్మకం లేదు. వెడల్పయిన కొద్దీ బండ్ల వేగమూ పెరుగుతుంది. వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. గంటకు పదిహేను కిలోమీటర్లు పోయే సైకిలునూ, అరవై పోయే లారీనీ ఒకే తారు మీద నడిపించడం పొత్తు కుదరని కాపురం.

సైకిలుబాట కొత్త ఊహ కాదు. దాని కొలతలను ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే అచ్చువేసింది. 2023లో హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల బాటను, పైన సౌరఫలకాల కప్పుతో సహా, తెరిచారు. చూడముచ్చటైనదే. కాని బడిపిల్లకు కావలసింది ఇంటినుంచి బడిదాకా తెగని బాట.

ఉత్త గీత గీస్తే చాలదు. మర్నాటికే దానిమీద ఆటోలు ఆగుతాయి. నడుమ గట్టు ఉండాలి. గట్టు కట్టినా కూడలిలో జాగ్రత్త తప్పదు: పక్కకు తిరిగే డ్రైవరు బాటలోని సైకిలును చూడకపోవచ్చు. అందుకే మలుపు ఇరుకుచేసి, బండిని నెమ్మదింపజేయాలి. ఇందులో మోటార్లవారికీ లాభం లేకపోలేదు. సైకిలును తప్పించబోయి ఎదురు వరుసలోకి దూరే అవసరం తగ్గుతుంది.

1971లో హాలండు రోడ్ల మీద మూడువేలమందికి పైగా మరణించారు. వారిలో నాలుగువందలకు మించి పిల్లలే. తలిదండ్రులు వీధికెక్కారు. నేడు ఆ దేశంలో కనిపించే సైకిలుబాటల వెనుక ఆ తల్లుల పట్టుదల కూడా ఉంది.

ఊరంతా బాట వేయమని నేననను. ముందు బడికి అటూ ఇటూ ఒక్కొక్క కిలోమీటరు వేసి చూడవచ్చు. ఈసారి మీ ఊళ్ళో రోడ్డు వెడల్పు మాట వచ్చినప్పుడు, అందులో సైకిలుకు ఎన్ని అడుగులు విడిచారో అడగండి. పని మొదలయ్యేలోగానే అడగండి.