ఇషారా కూడా జుబానే

మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో కొన్ని రోజులుగా ఒక వీడియో తిరుగుతోంది. పది నెలల పాప పిడికిలి మూసి తెరుస్తుంది, తల్లి పాలసీసా అందిస్తుంది. రెండు చేతుల వేళ్ల కొసలు కలుపుతుంది, ఇంకో అరటిపండు ముక్క నోట్లోకి వెళ్తుంది. కింద అందరూ మాషా అల్లా, మాషా అల్లా. మధ్యలో ఒక ఫుప్పు సవాల్: "ఇవన్నీ నేర్పితే బచ్చాకి మాటలు ఆలస్యం కావా? చూసినోళ్లు గూంగా అనుకోరా?"

ఫుప్పు డర్ చాలామందిలో ఉంది. కానీ మన ఇళ్లల్లో ఈ పని ఎప్పట్నుంచో జరుగుతూనే ఉంది కదా. "సలామ్ కరో బేటా" అంటే ఏడాది బిడ్డ చెయ్యి నుదుటి దగ్గరికి పోతుంది. "దువా కరో" అంటే రెండు అరచేతులూ లేస్తాయి. బిస్కెట్ ఖతమ్ అని ఖాళీ చేతులు తిప్పి చూపిస్తారు. ఆదాబ్ నేర్చుకున్న బిడ్డ మాట్లాడకుండా ఉండిపోతుందని ఏ నానీ అయినా భయపడిందా?

దీనికి క్లాసులు, కార్డులు, పుస్తకాలు తగులుకున్నది అమెరికాలో. 1980లలో లిండా ఆక్రెడోలో అనే సైకాలజీ ప్రొఫెసర్ తన కూతురు పువ్వు పేరు చెప్పలేక ముక్కు ఎగబీల్చి చూపించడం గమనించింది. సుసాన్ గుడ్విన్‌తో కలిసి ఆ సంగతి పరిశోధించి, 1996లో 'బేబీ సైన్స్' అనే పుస్తకం వేసింది. ఆ తర్వాత కారోబార్ పెరిగింది. సైగలు నేర్పితే బిడ్డ తొందరగా మాట్లాడుతుంది, జెహన్ పదునెక్కుతుంది అని అమ్మడం మొదలైంది.

ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ కిర్క్, తన సాథీలతో కలిసి 40 మంది బిడ్డల్ని ఎనిమిదో నెల నుంచి ఇరవయ్యో నెల దాకా చూసి 2013లో ఫలితం చెప్పింది. సైగలు నేర్చిన బిడ్డలకీ నేర్వని బిడ్డలకీ మాటల్లో ఫరఖ్ కనిపించలేదు. ముందుకీ పోలేదు, వెనక్కీ పడలేదు. కానీ సైగలు నేర్పిన తల్లులు బిడ్డ మనసులో ఏముందో ఎక్కువ పట్టించుకున్నారు. అంటే ఫాయిదా బిడ్డ నాలుకకి కాదు, అమ్మీ చూపుకి. నాకైతే ఇది చిన్న ఫాయిదా అనిపించదు. కానీ దీనికోసం వేలకు వేలు ఫీజు కట్టక్కర్లేదు.

ఆరేడు నెలలప్పుడు మొదలుపెట్టి పాలు, ఇంకా, చాలు, నొప్పి అని ఒక నాలుగు చాలు. ఏ సైగ చేసినా నోటితో మాట కూడా అనాలి. బిడ్డ తిరిగి చేసేసరికి నెలా రెండు నెలలు పట్టొచ్చు, వంకరటింకరగా చేస్తుంది, పర్వాలేదు. మన ఇళ్లల్లో ఇంకో మజా ఉంది. అమ్మీ 'దూధ్' అంటుంది, పక్కింటి అక్క 'పాలు' అంటుంది. రెంటికీ సైగ ఒకటే. నాలుగింటిలో నా ఓటు 'నొప్పి'కి. రాత్రి రెండింటికి ఏడుస్తున్న బిడ్డ చెవి దగ్గర సైగ చేసి చూపిస్తే ఆ తల్లికి ఎంత సుకూన్!

అయినా ఈ మసలా ఇక్కడితో అయిపోతే నేను రాసేదాన్ని కాదు. వినపడే బిడ్డ సైగ చేస్తే మాషా అల్లా అంటున్నాం. వినపడని బిడ్డ సైగ చేస్తే చెయ్యి పట్టుకుని ఆపుతున్నాం. మా గల్లీలో ఒక మూడేళ్ల పాప ఉంది, పుట్టుకతోనే వినపడదు. ఏదైనా కావాలని చేతులాడిస్తే దాదీ గద్దిస్తుంది, "హాథ్ నక్కో హిలా, మూ సే బోల్." మాటలు నేర్పే టీచరమ్మ కూడా అదే చెప్పిందట, సైగలకి అలవాటు పడితే ఇంక నోరు తెరవదని. దాని వెనక షరమ్ కూడా ఉంది. రేపు రిష్తాలు ఎలా వస్తాయని.

ఈ జిద్ కొత్తది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల చదువు మీద పెద్ద సభ జరిగింది. బడుల్లో సైగలు బంద్, నోటి మాటే నేర్పాలి అని తీర్మానం చేశారు. దాని తర్వాత దేశదేశాల్లో పిల్లల్ని సైగలు చేసినందుకు కొట్టారు.

జుబాన్ అంటే చప్పుడు ఒక్కటే కాదు. బిడ్డ మెదడుకి మొదటి కొన్నేళ్లలో ఏదో ఒక పూరా భాష కావాలి, చెవి నుంచి రాకపోతే కంటి నుంచి. 1991లో లారా పెటిటో, పౌలా మారెంటెట్ బయటపెట్టిన సంగతి వినండి. సైగ భాష మాట్లాడే ఇళ్లల్లో పుట్టిన వినపడని బిడ్డలు, మిగతా బిడ్డలు 'బబబ' అనే వయసులోనే, చేతులతో అలాంటి ముద్దు పలుకులే పలుకుతారు. కానీ అమెరికా లెక్కల్లోనే వినపడని పిల్లల్లో నూటికి తొంభైకి పైగా వినపడే తల్లిదండ్రులకే పుడుతున్నారు. అమ్మీ అబ్బాలు నేర్చుకుంటే తప్ప ఆ బిడ్డకి ఇంట్లో భాష లేదు.

బిడ్డ పుట్టగానే కుడిచెవిలో అజాన్ ఇస్తాం. ఆ చెవికి వినపడుతోందా అని ఎంతమందిమి పరీక్ష చేయిస్తున్నాం? నెలలోపు మొదటి పరీక్ష, మూడో నెలకి ఖరారు, ఆరో నెలకి సహాయం మొదలు కావాలని డాక్టర్లు చెప్తారు. మనం "అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అంటూ మూడేళ్లు గడిపేస్తాం.

కాక్లియర్ ఇంప్లాంట్‌కి నేను ఖిలాఫ్ కాదు. ఆరోగ్యశ్రీ వల్ల పేద బిడ్డలకి కూడా ఆ ఆపరేషన్ అందింది, షుకర్. కానీ స్నానానికి, పడుకోవడానికి ఆ మిషన్ బయటి భాగం తీసేస్తాం. బ్యాటరీ అయిపోతుంది, వైరు తెగుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా మాట తెలియడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ దేంతో ఆలోచించాలి? మిషనూ ఉండనీ, సైగా ఉండనీ.

రమ్జాన్‌లో ఆ పాపని చూడండి. తెల్లారకముందే ఇల్లంతా లేచి తింటుంది, పగలు ఎవరూ ముట్టరు, సాయంత్రం ఒక్కసారిగా ఖజూర్ పళ్లేలు. ఎందుకో తనకి ఎవరూ చెప్పరు. నమాజ్‌లో లేవడం, వంగడం నకల్ చేస్తుంది. ఎవరి ముందు వంగుతోందో తెలీదు. ఇల్మ్ ప్రతి బిడ్డ హక్ అని వాజ్‌లలో వింటాం. ఆ హక్ ఈ బిడ్డకి ఎవరిస్తారు?

దీన్‌లో సైగకి చోటు లేదని ఎవరైనా అంటే సూరె మర్యమ్ తెరవమనండి. జనం నిలదీసినప్పుడు మర్యమ్ అలైహిస్సలామ్ మాట్లాడలేదు, ఒడిలో బిడ్డ వైపు ఇషారా చేసింది. అదే సూరాలో జకరియ్యా అలైహిస్సలామ్ నోరు మెదపకుండా ఇషారాతోనే కౌమ్‌ని తస్బీహ్ చేయమన్నారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో మాట రానివాళ్ల ఇషారాతో నికాహ్ చెల్లుతుంది. 19వ శతాబ్దంలో ఉస్మానీలు తయారుచేసిన మజల్లా చట్టంలో 70వ నియమం, మూగవారి తెలిసిన సైగ నోటి బయానంతో సమానమని చెప్తుంది. నికాహ్‌కి పనికొచ్చిన ఇషారా అన్నం అడగడానికి పనికిరాదా? కేరళలో మలప్పురం జిల్లా పుళిక్కల్‌లోని మస్జిద్‌లో జుమా ఖుత్బాని సైగ భాషలో చెప్తున్నారు. మన ఊళ్లలో ఒక్క మస్జిద్ కమిటీ అయినా దీని గురించి మాట్లాడితే బాగుండును.

నేర్చుకోవడానికి దారులున్నాయి. ఢిల్లీలోని ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ 2021 నాటికి పదివేల పదాల డిక్షనరీ వీడియోలుగా పెట్టింది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఒక్క జాగ్రత్త. బేబీ సైన్ కార్డుల మీద ఎక్కువగా ఉండేవి అమెరికా సైగలు. వినపడే బిడ్డకైతే ఏవైనా ఒకటే. వినపడని బిడ్డకి మాత్రం మన దేశపు సైగ భాషే నేర్పండి, రేపు బడిలో, బజార్లో దోస్తులతో మాట్లాడేది అదే.

వీడియోలకన్నా మనిషి మేలు. మీ బస్తీలో సైగ భాష వచ్చిన బధిర దర్జీయో మెకానిక్కో ఉండే ఉంటాడు. అదివారం వచ్చి ఇంటిల్లిపాదికీ ఒక గంట నేర్పమని అడగండి. అరబీ ఉస్తాద్‌కి ఎంత హదియా ఇస్తున్నారో ఆయనకీ అంతే ఇవ్వండి.