ఒళ్లు చెడితే ఉద్యోగం వదులుకోవలసిందేనా?

సర్కారు కొలువంటే చివరిదాకా భరోసా అని జనం అనుకుంటారు. ఆ భరోసా ఒంట్లో సత్తువ ఉన్నంతవరకేనన్న భయం మాత్రం ఉద్యోగి మనసులోనే ఉండిపోతుంది. పుల్లలచెరువు వంటి మారుమూల మండలంలో పనిచేసే వారికి ఈ భయం మరీ ఎక్కువ. యర్రగొండపాలెం నుంచో, మార్కాపురం నుంచో రోజూ బస్సెక్కి వచ్చే ఉపాధ్యాయుడు, నల్లమల అంచు గూడేలకు నడిచిపోయే నర్సు, స్తంభమెక్కే లైన్‌మన్, రాత్రి సర్వీసు నడిపే ఆర్టీసీ డ్రైవరు - వీరందరి ఉద్యోగమూ కాలు, చెయ్యి, కంటిచూపు మీదనే నడుస్తున్నది. ఫ్లోరైడు నీటి బాధ ఎరిగిన ఈ పశ్చిమ ప్రాంతంలో, దానికి తోడు ఏ పక్షవాతమో, రోడ్డు ప్రమాదమో వచ్చిపడితే ఆ ఇంటి గతి ఏమిటి?

రిటైర్మెంటు వయసు పెరిగిన కొద్దీ ఈ ప్రశ్న కూడా పెరుగుతున్నది. 1983లో 55 ఏళ్లకు తగ్గించిన వయసు తర్వాత మళ్లీ 58కి వచ్చింది. 2014లో అది 60 అయింది. 2022 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 62కు చేరింది. వయసు పెంచినందుకు సంతోషించని ఉద్యోగి లేడు. అయితే 58 దాటాక వచ్చే జబ్బులు ఒకప్పుడు పెన్షనరుకు వచ్చేవి, ఇప్పుడు ఉద్యోగికి వస్తున్నాయి.

జబ్బు పడ్డ మనిషి ముందుగా ఉన్న సెలవంతా వాడుకుంటాడు. తర్వాత సగం జీతపు సెలవు, ఆపైన జీతం లేని సెలవు. అప్పటికీ కోలుకోకపోతే ఆఫీసులో ఎవరో ఒకరు ‘మెడికల్ ఇన్‌వాలిడేషన్ పెట్టుకోండి’ అని సలహా యిస్తారు. సలహా యిచ్చేవారిది చెడ్డబుద్ధి కాదు. వారికి తెలిసిన దారి అదొక్కటే.

ఆ దారిలో ఏముందో చూద్దాం. 1980 నాటి రాష్ట్ర సవరించిన పెన్షన్ నిబంధనల్లో ఇన్‌వాలిడ్ పెన్షన్‌కు చోటున్నది. మెడికల్ బోర్డు పనికి పనికిరాడని ధ్రువీకరిస్తే పెన్షన్ వస్తుంది. కానీ అది చేసిన సర్వీసును బట్టి లెక్కకట్టేది. పదేళ్లు నిండని వానికి ఆ నిబంధనల ప్రకారం నెలనెలా పెన్షన్ కాదు, ఒక్కసారి యిచ్చే గ్రాట్యుటీ మాత్రమే. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల విషయంలో ఈ పదేళ్ల షరతును 2019లో సడలించింది. ఇక 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారు సి.పి.ఎస్. కింద ఉన్నారు. వారిది పాత పెన్షన్ విధానం కాదు. జీతం నుంచి కోసి దాచిన చందా, దానికి ప్రభుత్వం కలిపిన వాటా - వీటిమీదే వారి ఆశ. నలభై ఏళ్లకే మంచం పట్టిన వాని ఖాతాలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

తాను తప్పుకుంటే కొడుక్కో, కూతురికో ఉద్యోగం వస్తుందన్న ఆశతో సంతకం పెట్టేవారూ ఉన్నారు. కన్నవారి ఆరాటాన్ని తప్పుపట్టలేము. కానీ ఫలానా జబ్బులకే వర్తించడం, ఇంకా అయిదేళ్ల సర్వీసు మిగిలి ఉండడం వంటి షరతులు అందులో ఉన్నాయి. కారుణ్య నియామకం హక్కు కాదని కోర్టులు పదే పదే చెప్పాయి. రిటైర్మెంటు ఉత్తర్వు వచ్చి, పిల్లవాని ఉద్యోగం రాకపోతే ఆ కుటుంబం రెంటికీ చెడుతుంది.

అసలు సంగతి వేరే ఉన్నది. సర్వీసులో ఉండగా అంగవైకల్యం వచ్చిన ఉద్యోగిని ఆ కారణంతో తీసివేయరాదని, హోదా తగ్గించరాదని 1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షను చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 20వ సెక్షనులోనూ ఆ రక్షణ ఉన్నది. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో చేయగల పని యివ్వాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా, తగిన ఖాళీ వచ్చేదాకా లేదా రిటైర్మెంటు వయసు వచ్చేదాకా ఉంచాలి. కొన్ని సంస్థలకు ప్రభుత్వం మినహాయింపు యివ్వవచ్చుగాని, మన బడి, ఆసుపత్రి, తాలూకాఫీసు వంటి చోట్ల ఈ రక్షణ సాధారణ నియమమే.

ఇది కాగితం మీది మాట కాదు. కాలు పోగొట్టుకున్న ఒక కానిస్టేబులుకు ఇన్‌వాలిడ్ పెన్షన్ యిచ్చాం గదా అని అధికారులు వాదిస్తే, పెన్షన్ యిచ్చినంత మాత్రాన ఈ రక్షణ పోదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన తెలుగువారి కేసే మరొకటి ఉన్నది. 2014లో ఆర్టీసీలో చేరిన డ్రైవరుకు రంగులు గుర్తించలేని లోపం ఉన్నదని తేలింది. వేరే పని యిమ్మని అడిగినా వినక 2016లో ఇంటికి పంపారు. అటువంటి డ్రైవర్లకు వేరే ఉద్యోగం చూపుతామని 1979లోనే కార్మికులతో ఒప్పందం ఉన్నది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతనికి తగిన ఉద్యోగం యివ్వాలని, బకాయి జీతంలో నాలుగో వంతు చెల్లించాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. వేరే పని వెదకవలసిన బాధ్యత యజమానిదేనని స్పష్టం చేసింది. న్యాయం దక్కింది, కాని తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఎవరు తిరిగి యిస్తారు?

అందుచేత అధికారులు చేయవలసినవి మూడున్నాయి. ఇన్‌వాలిడేషన్ దరఖాస్తు తీసుకునే ముందు, వేరే పని కోరే హక్కు ఉన్నదని ఉద్యోగికి రాతపూర్వకంగా తెలపాలి. ఏయే పోస్టులు పరిశీలించారో, ఎందుకు కుదరలేదో కార్యాలయాధిపతి ఫైలులో రాయాలి. మెడికల్ బోర్డు కోసం మంచాన ఉన్న మనిషిని ఎక్కడికో మోసుకుపోయే అవస్థ తప్పించాలి. పుల్లలచెరువు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైమాటే. మార్కాపురంలో తరచుగా బోర్డు కూర్చుంటే ఎంతో మేలు.

ఉద్యోగ సంఘాలు డి.ఏ., పి.ఆర్.సి. కోసం చేసే ఆందోళనలో ఈ చిన్న విషయానికీ చోటివ్వాలి. కాలు పోయిన లైన్‌మన్ స్టోర్సు లెక్కలు రాయగలడు. నడవలేని నర్సు మందుల గది చూసుకోగలదు. ఇరవై ఏళ్ల అనుభవం కాలితోనో, కంటితోనో పోయేది కాదు.

ఉద్యోగులకు చెప్పవలసిన మాట ఒక్కటే. జబ్బు పడ్డ వారంలోనే భయపడి దేనిమీదా సంతకం పెట్టవద్దు. ముందు ‘నేను చేయగల పని యివ్వండి’ అని ఒక అర్జీ రాసి, అందినట్లు ముద్ర వేయించుకోండి. తప్పుకొనే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒకసారి బయటికి వచ్చాక లోపలికి వెళ్లడానికే సుప్రీంకోర్టు దాకా నడవవలసి వస్తుంది.